సీనాయి కొండ మీద నా శుక్రవారం ఉపవాసం

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు నంబర్లు గుర్తుపడతాను, అంతే. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. "అమ్మా, ఇది కూడా రాయాల్నా?" అని మధ్యలో ఆగుతోంది. ముఖ్యంగా అదే రాయమన్నాను.

మాది నానక్‌రామ్‌గూడ. అక్కడే ఒక ఆఫీసు టవర్లో తొమ్మిదో అంతస్తు నుంచి పన్నెండు దాకా ఊడ్చి తుడిచే పని నాది. మా ఆయన పోయిన దగ్గర నుంచి శుక్రవారం ఉపవాసం ఒక్కసారి తప్పలేదు. పొద్దు గూకేదాకా ఏమీ ముట్టను. ఆ రోజు షుగరు మాత్ర కూడా వేసుకోను. తిండి లేకుండా వేసుకుంటే పడిపోతావని దవాఖానలో నర్సమ్మ గట్టిగా చెప్పింది.

మా చర్చివాళ్లు బైబిలు దేశాల యాత్ర పెట్టారు. ఊరికే చూసి రావడం కాదు, చదువుకుంటూ చూడటం. ఆదివారాలు చర్చి ఊడ్చే మాలాంటివాళ్లలో ఒకరిని ఖర్చు లేకుండా తీసుకుపోతామని నా పేరు చెప్పారు. సంతోషం కంటే నాకు గుబులే ఎక్కువైంది. మిగతావాళ్లంతా కంప్యూటరు ఉద్యోగాలవాళ్లు. వాళ్ల మధ్య నేను ఏం తప్పు చేస్తానో, ఎవరి పరువు తీస్తానో అని.

మూడు నెలలు శనివారం శనివారం పాఠాలు. పాఠం అయ్యాక గచ్చిబౌలిలో ఒకరి అపార్ట్‌మెంటులో పద్నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కించేవారు. సీనాయి కొండ చివర ఏడు వందలకు పైగా రాతి మెట్లుంటాయట, దానికి అలవాటు కావాలని. మెట్లు నాకొక లెక్కా? అందరికంటే ముందు పైకి చేరి, చీర కొంగుతో మొహం తుడుచుకుని నిలబడేదాన్ని. అందరికంటే వెనక టీచరమ్మ వచ్చేది. ఆమెది కాకినాడ వైపు, రిటైరై కొడుకు దగ్గర నిజాంపేటలో ఉంటోంది. ముప్పై ఏళ్లు ఆదివారం బడిలో పిల్లలకు ఆ కొండ గురించి చెప్పిందట. నాలుగో అంతస్తుకే గోడ పట్టుకునేది.

"చెల్లీ, నువ్వు మనిషివా, లిఫ్టువా?" అనేది.

"లిఫ్టైతే ఆదివారం బంద్ పడ్తది టీచరమ్మా, నేను పడ."

పాస్టరయ్య అందరినీ జతలు చేశాడు. బలం ఉన్నవాళ్లను లేనివాళ్లతో కలిపాడు. టీచరమ్మను నాకు అప్పజెప్పాడు. "జతలో ఒకరు ఆగితే రెండోవాళ్లూ ఆగాలి. ఎవరినీ ఒంటరిగా వదిలేది లేదు" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే ఫికరు. ఆమె ఆశ నా చేతిలో ఉంది, ఎట్లాగైనా ఎక్కించాలి.

కొండ ఎక్కే రోజు శుక్రవారం పడింది. మోషే ఆ కొండ మీద నలభై దినాలు అన్నం తినలేదు, నీళ్లు తాగలేదని పాఠంలో చెవులారా విన్నాను. అట్లాంటి కొండకు కడుపు నింపుకుని పోతానా? ఉపవాసమే అనుకున్నాను. కానీ మాత్రల అట్టల మీద రాసింది నేను చదవలేనని, యాత్ర మొదలైన రోజే నా మాత్రలు టీచరమ్మ తన దగ్గర పెట్టుకుంది. రోజూ పొద్దున చేతిలో పెట్టి, నేను మింగేదాకా చూసేది. ఆ రోజు వద్దంటే ఎందుకని అడుగుతుంది. చెబితే తినమని పట్టుబడుతుంది. నోరు మూసుకుని మింగేశాను. రొట్టె, గుడ్డు కాగితంలో చుట్టి సంచిలో వేసుకుని, తిన్నానని చెప్పాను.

మధ్యాహ్నం బయలుదేరాం. చెట్టు లేదు, నీడ లేదు, ఎర్రటి రాయి తప్ప ఏమీ లేదు. ఒంటెలు నడిచే దారి మెలికలు తిరుగుతూ పోతుంది. టీచరమ్మ కర్ర పొడుచుకుంటూ మెల్లగా, ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. మెట్లెక్కడం రానిది ఇక్కడ నాకంటే ముందుంది. నాకేమో గంట గడవకముందే కాళ్లు దూది అయ్యాయి. చెమట చల్లగా పడుతోంది. ఎండకని సర్దిచెప్పుకున్నాను. చేతులు వణుకుతుంటే పైట చుట్టుకుని దాచుకున్నాను. అయ్యో, ఈమె ముందే పడతానా అనుకున్నాను. పడితే నా ఒక్కదానితో పోదు.

మెట్లు మొదలయ్యే దగ్గర చాయ్ అమ్మే రాళ్ల గుడిసె ఉంది. అక్కడికి చేరేసరికి నాకు మనుషులు మసకమసకగా కనిపించారు. మావాళ్లు ముందు వెళ్లిపోయారు, పై నుంచి పాటలు వినిపిస్తున్నాయి.

"ఏంటి చెల్లీ ఆ చెమటలు?"

"ఏం లేదు, జర దమ్మొస్తుంది. పోదాం పా."

"పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"రొట్టె."

ఆమె నా సంచి లాక్కుని విప్పింది. రొట్టె చుట్టింది చుట్టినట్టే ఉంది. ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు చూసిన మనిషి, క్షణం పట్టలేదు.

"శుక్రవారం ఉపవాసమా! నా చేత్తో మాత్ర ఇచ్చాను కదే! చంపేదాన్ని కదే నిన్ను!"

గుడిసెవాడితో సైగ చేసి చాయ్‌లో చక్కెర నాలుగు చెంచాలు వేయించింది. పొద్దు గూకలేదని నేను నోరు తెరవలేదు. నా గడ్డం పట్టుకుని తాగించింది, చంటిపిల్లకు తాగించినట్టు. తర్వాత రొట్టె తుంచి పెట్టింది.

కొంచెం తేరుకున్నాక అన్నాను: "మీరు పోండి టీచరమ్మా. నేనిక్కడనే కూసుంట. ఈ చాయ్ ఆయనున్నడు గదా."

దారి చూపడానికి మా వెంట వచ్చిన కొండ మనిషికి నా సైగ అర్థమై చేతులు అడ్డంగా ఊపాడు. జతను విడదీయడు. ఇప్పుడు ఇద్దరం ఎక్కినా చీకటి పడుతుందన్నట్టు సూర్యుడి వైపు చూపించాడు.

టీచరమ్మ మెట్ల వైపు తిరిగి కూర్చుంది. మొదటి మెట్టు ఆమె కాలికి నాలుగడుగుల దూరంలో ఉంది. బైబిలు విప్పింది, చదవలేదు. ఒళ్లో పెట్టుకుని అట్లాగే పైకి చూస్తోంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్లు దిగివచ్చారు, మొహాలు వెలిగిపోతున్నాయి. పాస్టరయ్య ఆమె భుజం తట్టి, "ఈ వయసులో ఇంతదూరం రావడమే గొప్ప, టీచర్‌గారూ. బాధపడకండి" అన్నాడు. ఒకామె నన్ను చూపిస్తూ, "పాపం, మీకోసం ఆగిపోయిందండి ఈవిడ" అని టీచరమ్మతో అంది. నేను ఎక్కగలిగినదాన్నని, ఆమే ఎక్కలేకపోయిందని అందరి నమ్మకం. టీచరమ్మ చెప్పేస్తుందని చూశాను. ఆమె "అవునండి" అని కర్ర తీసుకుని లేచింది.

దిగినంతసేపు నా నోట్లో ఆ చాయ్ తీపి పోలేదు. ఇప్పుడు చెప్పాలి, ఈ మలుపు దాటాక చెప్పాలి, కింద చెప్పాలి. ఊరికే తీసుకొచ్చినందుకు ఇదా చేసింది అంటారు. ఇంకెవరినీ తీసుకురారు. నావల్ల నాలాంటి ఇంకొకామెకు దారి మూసుకుపోతుంది. అన్నీ నిజమే. అయినా ఆమె నా తప్పు మోస్తూ నా ముందు నడుస్తోంది.

బస్సు కదిలాక లేచి నిలబడ్డాను. సీటు పట్టుకున్నాను.

"టీచరమ్మ ఎక్కేది. నేనే ఆపిన. తినకుండ మాత్ర మింగిన, తిన్ననని అబద్ధమాడిన."

పాస్టరయ్య వెనక్కి తిరిగి చూశాడు. బస్సు మలుపు తిరిగితే తూలాను. ఈసారి షుగరు కాదు.

టీచరమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది: "ఇప్పుడు చెబితే నాకు కొండ వస్తుందా చెల్లీ?"

పక్క సీటు మీద ఉన్న తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూర్చో. పడతావు."