నేస్తం వలిసె చేను

“గాలిమరలొస్తే మీ అబ్బాయికి వాచ్‌మేన్ పనొస్తాది. నా వలిసె సేను పోతాది. ఏటండి నేస్తం, ఇదేనా మన నేస్తరికం?”

“వలిసిలు ఇంకోసోట జల్లుకుంటారు. మావోడికి ఇంకోసోట పని దొరకదండి.”

“ఇంకోసోటంటే ఎక్కడ? మా అత్తోరి సేలన్నీ మీ డేమ్ నీళ్లకిందున్నాయి. మునిగి జల్లమంటారా?”

పడవల రేవులో నేస్తం నన్ను నిలదీస్తుంటే మా పవర్‌హౌస్ కాలనీ ఆడవాళ్లు బిందెలు దించి మరీ విన్నారు. ఎంత తగువైనా మేము ‘మీరు’ దాటకూడదు. పెళ్లైన కొత్తలో అమ్మవారి ముందు ఒకరి కొప్పులో ఒకరం పువ్వు పెట్టి నేస్తం కట్టుకున్నవాళ్లం. విడిగా ఎంత తగువులాడుకున్నా, సభలో ఒకరి మాటకి ఒకరం ఎదురు వెళ్లకూడదని అప్పటి కట్టుబాటు. నేను ఒడిశాలోని ఈ మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ కూలీకి భార్యనై ఆంధ్రా నుంచి వచ్చాను. ఆవిడ ఊరు జలాశయం నడుమ మునగకుండా మిగిలిన కొండ. ఆ కొండ మీదే వలిసె చేను, గాలిమరలు పెడతామన్నదీ అక్కడే. పసుప్పచ్చగా పూసిన రోజుల్లో పట్నంవాళ్లు ఫోటోలకొచ్చి తొక్కిపోతారు. నేను మాత్రం ఆవిడ దగ్గర గింజలు కొని నూనె ఆడిస్తాను; కొలిచాక ఇంకో దోసెడు పోస్తేగాని సంచి మూయనివ్వను.

ఆ తగువు మర్నాడే మీటింగు. గాలిమరలకి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తాలి. నన్ను ముందు వరసలో కూర్చోమన్నాడు మా అబ్బాయి.

“మీరెత్తితే నానూ ఎత్తాలి కదండి. నానెత్తితే మా ఊరెత్తుతాది. మీ అబ్బాయికి తెలీదనుకున్నారా?” అని నేస్తం పడవెక్కేసింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా అబ్బాయిని అడిగాను. “ముందు వరస అందుకేట్రా?”

“అందుకే. దొంగతనం సేసేనేటి? నాకు పిల్లలున్నారమ్మా. ఈ కంట్రాక్టు పని ఎప్పుడుంటాదో ఎప్పుడూడుతాదో.”

“ఆవిడికీ ఉన్నారు.”

వాడు కంచం ముందునుంచి లేవబోయాడు.

“తినేసి లెగు. పారబొయ్యడానికి లేదు,” అన్నాను. తిన్నాడు.

పొద్దున్న మీటింగులో ముందు వరసలోనే కూర్చున్నాను. నేస్తం వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యెత్తమని ఆఫీసరు ఒడియాలో చెప్పి, మళ్లీ తెలుగులో చెప్పాడు. మా కాలనీవాళ్లు ఎత్తారు. నేను ఎత్తలేదు. ఆవిడ ఎత్తలేదు. వెనక ఆవిడ ఊరివాళ్లూ ఎత్తలేదు. ఇంకోసారి మీటింగు పెడతామని ఆఫీసరు లేచాడు. మా అబ్బాయి నావైపు చూడకుండా సైకిలెక్కి డ్యూటీకి వెళ్లిపోయాడు. క్యారేజీ తీసుకెళ్లలేదు. కోడలిచేత పంపించాను.