నెలకు రెండు లాభాలు

మా కంపెనీకి నెలకు రెండు లాభాలు వచ్చేవి. రెండూ అవే ఓడలవి, అదే నెలవి, కానీ ఎప్పుడూ ఒకటి కావు. ఓడల కంపెనీ కదా, లాభం కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుందేమోనని చేరిన కొత్తలో సరిపెట్టుకున్నాను.

అసలు సంగతి ఇది. ఓడ ఈ నెలాఖరులో సరుకు ఎక్కించుకుని బయల్దేరుతుంది, వచ్చే నెలలో ఎక్కడో దించుతుంది. అకౌంట్స్ లెక్క ప్రకారం ఆ ఆదాయాన్ని ప్రయాణపు రోజుల మీద పంచి, ఈ నెల వాటా మాత్రమే ఈ నెలలో రాయాలి. బేరాలు కుదిర్చేవాళ్ళు మాత్రం సరుకు ఎక్కిన నెలలోనే మొత్తం రాసుకుంటారు. కష్టపడ్డది వాళ్ళు, అంతవరకు ఆగలేరు. మొదటిది ఆడిటర్లు చూసే రిపోర్టు, రెండోది యాజమాన్యం చూసేది. హూడి ఆఫీసులో మొదటిది నేను తయారుచేసేవాణ్ణి, రెండోది నా పక్క సీటులో కూర్చునే ఆవిడ, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ తర్వాత ఇద్దరం కలిసి, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో ఒక పట్టిక రాసి యూరప్‌లోని హెడ్డాఫీసుకు పంపేవాళ్ళం. దాన్ని బ్రిడ్జి అంటారు. సాయంత్రం ట్రాఫిక్‌లో కె.ఆర్.పురం బ్రిడ్జి లాగే దాని మీదా ఏదీ పెద్దగా కదిలేది కాదు, అయినా అందరూ ఆ దారినే రావాలి.

అక్కవాళ్ళది తాతల నాటి నుంచి ఆఫీసుకు దగ్గర్లోని వర్తూరు, తెలుగులో కన్నడం కలిసిపోయే ఊరు. నేను ఏలూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. మొదటి వారంలోనే నా మాట విని, "నువ్వు రేడియోలో వార్తలు చదివినట్ల మాట్లాడతావప్పా" అంది. అది మెచ్చుకోలు కాదని తెలియడానికి కొంతకాలం పట్టింది.

ఒకరోజు హెడ్డాఫీసులో ఖాతాలన్నిటికీ పెద్దాయన ఇక ఒకటే లాభం కావాలన్నాడు. ఒకే సిస్టమ్, ఒకే రిపోర్టు, ప్రపంచమంతటికీ. కోరిక న్యాయమైనదే. మేనేజర్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచి ప్రాజెక్టు గురించి చాలా ఉత్సాహంగా చెప్పాడు. చివర్లో ఉత్సాహం తగ్గించి, "లాభం ఒకటే అయినప్పుడు ఇక్కడ ఇద్దరి అవసరం ఉండకపోవచ్చు. ట్రయల్ అయ్యాక ఒకరు ఇక్కడే ఉంటారు, ఇంకొకరికి ముంబయిలో సీటుంది. రోల్ కూడా మంచిదే" అన్నాడు.

బయటికొచ్చాక అక్క తిన్నగా సీటుకు పోయి నెలాఖరు ఫైలు తెరిచింది. ఆమె కూతురు పీయూసీ, అంటే మన ఇంటర్, రెండో ఏడాదిలో ఉంది. ఇంటాయనకు వర్తూరులోనే కుళాయిలూ పైపులూ అమ్మే కొట్టుంది. ముంబయి సీటు ఆమెకు వస్తే ఉద్యోగం మానేయడమే. నాకు పిల్లల్లేరు, ఇల్లు అద్దెది. నా భార్య ఇంటి నుంచే పనిచేస్తుంది, ఆ ఇల్లు ఎక్కడున్నా ఆమెకు పట్టింపు లేదు. వెళ్ళడానికి నాకు అడ్డమేమీ లేదు, ఇష్టం లేకపోవడం తప్ప.

"ముంబయికి పోయేకి నీకు హిందీ వస్తాదా?" అంది ఫైలు మూసి.

"వస్తుంది. ఎవరికీ అర్థం కాదు."

"అయితే సరిపోతాది. ఆఫీసులో నీ ఇంగ్లీషు గతీ అంతే కదా."

ఆ తర్వాత కొన్ని నెలలు మేం మా ఉద్యోగాలను మేమే జాగ్రత్తగా విప్పి, మడత పెట్టి, డబ్బాల్లో సర్దాం. ఏ రోజు ఏం చేస్తామో, ఎందుకు చేస్తామో ప్రతి పనీ రాసిచ్చాం. ఐటీ వాళ్ళు వాటిని సిస్టమ్‌కు నేర్పారు. సిస్టమ్ మాకంటే తొందరగా నేర్చుకుంది, టీకి కూడా లేవదు.

ట్రయల్ నెలలో ఒకే లాభం వచ్చింది. అందరూ ఒకరికొకరు అభినందనలు పంపుకున్నారు. మర్నాడు పెద్దాయన నుంచి ప్రశ్న వచ్చింది: అమెరికా నుంచి సరుకుతో వస్తున్న ఓడలు పసిఫిక్ మధ్యలో తలా ఒక రోజు ఊరికే ఎందుకు ఆగాయి? మా దగ్గర జవాబు తయారయ్యేలోగా, హెడ్డాఫీసులో ఎవరో తొందరపడి ఒక కెప్టెన్‌కే మెయిల్ పెట్టారు, ఆ రోజు ఓడ ఎందుకు ఆపారని. ఆయన ఒక్క ముక్కలో జవాబిచ్చాడు: "ఓడ ఆగలేదు. ఆ రోజే లేదు."

నిజమే. ప్రతి ఓడా రోజూ మధ్యాహ్నం పన్నెండుకు తానెక్కడుందో, ఎంత దూరం నడిచిందో, ఎంత ఇంధనం కాల్చిందో రిపోర్టు పంపుతుంది. అమెరికా వైపు నుంచి ఆసియాకు వచ్చే ఓడ పసిఫిక్ నడుమ తేదీ రేఖ దాటగానే క్యాలెండర్‌లో ఒక రోజు ఎగిరిపోతుంది. నిన్న సోమవారం, ఇవాళ బుధవారం. మంగళవారం లేదు కాబట్టి మంగళవారం మధ్యాహ్నమూ లేదు, దాని రిపోర్టూ లేదు. రిపోర్టు లేకపోతే ఓడ పనిలేక ఆగినట్టు లెక్క అని సిస్టమ్‌కు నేర్పింది మేమే.

పాత రిపోర్టుల్లో ఈ గొడవ ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే ఆ లేని రోజును ప్రయాణం కింద జమకట్టి, ఖాళీని నేను చేత్తో పూడ్చేసేవాణ్ణి. అక్క కూడా తన రిపోర్టులో అదే చేసేదని ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ పక్కపక్కన కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరం, అదే సముద్రంలో అదే రోజును పూడుస్తూ వచ్చాం. రాసిచ్చిన పనుల్లో మాత్రం ఇద్దరం దాన్ని రాయలేదు. కుర్చీ ముందుకు లాక్కోవడాన్ని ఎవరూ పని అని రాయరు కదా.

పెద్దాయనతో కాల్‌కు ముందు మేనేజర్ మెల్లగా మా దగ్గరికొచ్చాడు. "ఇది మనిషి చూసి చేయాల్సిన పని అని చెబితే, ఇక్కడ రెండో సీటు కూడా నిలబెట్టొచ్చు. నేను సపోర్ట్ చేస్తా. ఆలోచించుకోండి." మంచివాడు. ఇద్దరిలో ఎవరిని పంపాలో తేల్చాల్సిన పని ఆయనకూ తప్పేది.

కాల్‌లో పెద్దాయన సూటిగా అడిగాడు, ఇది సిస్టమ్‌కు రూల్‌గా ఇవ్వొచ్చా, లేక ప్రతి నెలా మనిషి కావాలా అని. మేనేజర్ మావైపు చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను. అంతకంటే ముందుకు పోలేదు.

అక్క ఇంగ్లీషులో చెప్పేసింది: ఇవ్వొచ్చు, ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం కూడా అక్కడే చెప్పింది. పెద్దాయన సంతోషించాడు. మేనేజర్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

"అక్కా, ఒక్క నిమిషం ఆగుంటే పోయేది" అన్నాను కాఫీ మెషిన్ దగ్గర.

"ఆగి? నెలనెలా లేని రోజు ఒకటి కుట్టేకి సుమ్నే, ఊరికే ఇద్దరు కూసోవాలా? మనం చెప్పకపోతే ఐటీ వాళ్ళు రెండు నెల్లకు కనుక్కుంటారు. అప్పుడు సీటూ పోతాది, మర్యాదా పోతాది. నాకు బేజారైపోయిందప్పా."

కాఫీ సగం తాగి కప్పు పడేసింది.

నేను సీటుకు వెళ్ళి, ముంబయికి నేను వెళ్తానని మేనేజర్‌కు రెండు లైన్ల మెయిల్ రాశాను. ఆయన వెంటనే కృతజ్ఞతలు తెలిపాడు, ఇలా బాధ్యత తీసుకునేవాళ్ళు అరుదని. అంత తొందరగా ఆయన ఏ మెయిల్‌కూ జవాబివ్వడం నేను చూడలేదు.

సాయంత్రం ఆఫీసు క్యాబ్ ఎక్కేసరికే అక్కకు కబురు అందింది.

"ఎవురప్పా నిన్ను అడిగింది?" అంది, నావైపు చూడకుండా.

"ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళు ఓడల లెక్కలు రాశాను, ఒక్క ఓడనీ దగ్గర్నుంచి చూళ్ళేదు. ముంబయిలో కనిపిస్తాయంట."

"ఓడ చూడాలంటే టికెట్టు తీసుకుని పోయి, చూసి వస్తారు. దానికి కాపురం ఎత్తుకుని పోయేదేల?"

నా దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు ఆమె కూతురి చదువు. అది పైకి అంటే ఇద్దరం ఆ క్యాబ్‌లో కూర్చోలేం. ఆ ట్రాఫిక్‌లో డ్రైవరు వైట్‌ఫీల్డ్ దాటించేసరికి సగం ఊరు ఇంటికి చేరి భోంచేసి ఉంటుంది.

వర్తూరులో కొట్టు ముందు క్యాబ్ ఆగింది. ఆమె దిగి, సంచీ భుజాన వేసుకుని, తలుపు వేయకుండా నిలబడింది.

"ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రండప్పా, ఇద్దరూ. రాగిముద్ద, ఉప్పుసారు చేస్తా."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఇంటికి పిలవడం అదే మొదటిసారి. నేను వెళ్ళిపోవడం ఖాయమైందని మేనేజర్ జవాబు చూసినప్పుడు కాదు, ఆమె పిలిచినప్పుడు అర్థమైంది. వస్తామన్నాను. ఆమె తలుపు వేసింది.