స్విచ్చుల టీచరమ్మ

ఆవిడకు కాలేజీ పిల్లలు పెట్టిన పేరు స్విచ్చుల టీచరమ్మ. ఊరికే పెట్టలేదు. క్లాసు అయిపోగానే ఆవిడ చెయ్యి దానంతటదే గోడ మీదికి పోతుంది. ఫ్యాను ఆపుతుంది, లైటు ఆపుతుంది, పక్క గదిలో ఎవరో వదిలేసి పోయింది కూడా ఆపుతుంది. ఒకసారి ప్రిన్సిపాలు గారు గదిలో ఉండగానే లైటు ఆపేసి వెళ్లిపోయింది. "అమ్మా, నేనింకా ఉన్నానమ్మా!" అని ఆయన లోపల్నుంచి కేకేశారు. ఈ అలవాటు అంటించింది అత్తగారు. "మనిషి లేని గదిలో ఫ్యాను ఎవరికోసం తిరుగుతోందే తల్లీ, దయ్యాలకా?" అని కొత్త కోడల్ని రోజూ అడిగేది. అడిగీ అడిగీ చేతికి ఎక్కించేసింది.

ఆవిడ చెప్పేది ఇళ్లు కట్టే చదువు. పరిశోధన చేసేది గోడల పూత మీద. సిమెంటు కాదు, సున్నం. ఏ పాళ్లలో కలిపితే పూత పగలకుండా నిలుస్తుందన్నదే ఆవిడ ధ్యాస. కాలేజీ వెనక విరిగిన బల్లలు పడేసే గదిని ఊడ్చుకుని ల్యాబు చేసుకుంది. పూత పూసిన పలకలు సమానమైన వేడిలో ఆరాలి కదా, దానికో హీటరు పెట్టింది. కరెంటు ఉంటేనా! ఉదయం ఉంటే మధ్యాహ్నం ఉండదు. ఏళ్ల తరబడి ఆ గదిలోనే కుస్తీ పట్టి ఒక మిశ్రమం సాధించింది. పత్రం రాసి ఎక్కడికి పంపినా ఒకటే జవాబు: గదిలో వేడి నిలకడగా లేదు, ఈ ఫలితాలు నమ్మలేం. ఆవిడ పళ్లు నూరుకునేది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి సరైన గది ఇచ్చి చూడండయ్యా" అని గోడలకు చెప్పుకునేది.

ఆ మాట ఎవరు విన్నారో, ఉద్యోగం చివరికొచ్చాక పిలుపు వచ్చింది. పరాయి దేశంలో పెద్ద యూనివర్సిటీ, ఏడాదిపాటు. ఒక క్లాసు చెప్పాలి, వాళ్ల ల్యాబులో పని చేసుకోవచ్చు. పోస్టాఫీసులో రిటైరైన భర్త కూడా పెట్టె సర్దుకున్నాడు. అత్తగారిని ఆడపడుచు తీసుకెళ్లింది. "ఎన్ని ట్రాన్స్‌ఫర్లయినా నువ్వు నా వెంట తిరిగావు. ఇప్పుడు నా వంతు. అక్కడ నన్ను మేడమ్ గారి భర్త అనాలి, అంతే" అన్నాడాయన. వెళ్లిన రోజునుంచీ వంట ఆయనదే. ఉప్పు ఎక్కువైనా ఆవిడ నోరెత్తలేదు.

అక్కడి ల్యాబులో వేడి గది చూసి ఆవిడకు కళ్లు చెమర్చాయి. మందపాటి తలుపు, లోపల ఎప్పుడూ ఒకే వెచ్చదనం, తలుపు పక్కన చిన్న ఎర్రదీపంతో స్విచ్చు. అరల నిండా, ఆవిడ పత్రం చదివి పిలిచిన పెద్ద ప్రొఫెసర్ గారి పలకలే. ఆవిడకు కింది అరలో నాలుగు పలకలకు చోటిచ్చారు. కానీ మొదటి పరీక్షలోనే ఆశ కాస్తా జావగారిపోయింది. "మీ పూత బాగానే ఉంది. బలంలో మాత్రం మా దానికన్నా వెనకబడింది" అన్నాడు ప్రొఫెసర్, నొచ్చుకుంటుందేమోనని గొంతు తగ్గించి మరీ. సరైన గది దొరికితే తన పని నిరూపిస్తానని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు గది దొరికింది, మరి పనిలో పసలేదా? ఈ ప్రశ్న ఆవిడను నిద్రపోనివ్వలేదు.

క్లాసు మాత్రం పట్టాలెక్కింది. "ముందు చేత్తో చెప్పండి, తర్వాత మీటరు చూద్దాం" అనేది ఆవిడ. ఒక్కొక్కరి చేతా పూత తడిమించి, ఎంత తడి ఉందో ఊహించమనేది. మొదట్లో బిగుసుకుని కూర్చున్న పిల్లలు తర్వాత పందేలు కాయడం మొదలెట్టారు. పక్క క్లాసు వాళ్లు కూడా వచ్చి వెనక నిలబడేవారు.

అలా తలెత్తుకు తిరుగుతున్న రోజుల్లో వచ్చింది ముప్పు. సెలవులకు ముందు రోజు సాయంత్రం, బయట ఎముకలు కొరికే చలి. వేడి గదిలోంచి అందరికన్నా చివర ఆవిడే వచ్చింది. తలుపు మూసింది. చెయ్యి గోడ మీదికి వెళ్లింది. ఎర్రదీపం ఆరింది. ఆవిడ ఇంటికెళ్లి హాయిగా అన్నం తిన్నది.

సెలవులయ్యాక ల్యాబు చూసుకునే పెద్దాయన తలుపు తీస్తే లోపల గడ్డకట్టే చలి. కంగారులో ఏది ఆగిందో చూసుకోకుండా ఉన్న స్విచ్చులన్నీ వేసి వేడి మొత్తం పెంచేశాడు. ఆవిడ వచ్చేసరికి ప్రొఫెసర్ పలకలన్నీ నిలువునా బీటలు. ఆయన ఒక్కొక్కటే చేతిలోకి తీసి చూస్తున్నాడు.

"ఫ్యూజు పోయుంటుందండీ. పాత వైరింగు కదా" అన్నాడు ల్యాబు పెద్దాయన.

ఆవిడ ఊరుకుంటే ఫ్యూజు మీదికి పోతుంది, అడిగేవాడు లేడు. కానీ అబద్ధాన్ని మింగి అరిగించుకునే కడుపు కాదది.

"ఫ్యూజు కాదండీ. నేనే ఆపాను. అలవాటు" అంది.

ప్రొఫెసర్ చేతిలో పలక కింద పెట్టాడు. "తాళంచెవి ఇవ్వండి. క్లాసు చెప్పండి చాలు. ల్యాబు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి భర్త ముందు భోరుమంది. "ఏం ముఖం పెట్టుకుని తిరిగి వెళ్లనండీ? ఏం సాధించావంటే స్విచ్చు ఆపానని చెప్పనా?"

"ఒప్పుకున్నావు కదా, నీకు తగ్గ పని చేశావు. అమ్మకు మాత్రం చెప్పకు. స్విచ్చు ఆపిందా, నా కోడలు బంగారం అంటుంది" అన్నాడాయన. ఏడుస్తూనే నవ్వేసింది.

మర్నాడు గది ఖాళీ చేసి పలకలన్నీ పారేయబోతుంటే ఆవిడ అడ్డం పడింది. "పిల్లలకైనా పనికొస్తాయి, ఇవ్వండి" అని తోపుడు బండి మీద అన్నీ క్లాసుకు తెప్పించింది. జరిగింది దాచకుండా చెప్పి, బీటలు ఎక్కడ మొదలయ్యాయో వెతకమంది. పిల్లలు బండి చుట్టూ మూగారు.

"మేడమ్, ఈ నాలుగూ పగల్లేదేంటి?" అంది ఒకమ్మాయి.

ఆవిడ నమ్మలేదు. సన్నని బీటలు కంటికి కనిపించవు, తడిగుడ్డతో తుడిస్తే బయటపడతాయి. తుడిచింది. మళ్లీ తుడిచింది. ఒక్క గీత లేదు. అవి ఆవిడ పలకలు.

ఆవిడ గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది. తన పాత గది కళ్ల ముందు తిరిగింది. కరెంటు పోయినప్పుడల్లా చల్లదనం, వచ్చినప్పుడల్లా వేడి. ఆ దెబ్బకు పగిలిన ప్రతి మిశ్రమాన్నీ తిట్టుకుంటూ అవతల పారేసింది. ఇసుక ముతకది వేసి, గోగునార కలిపి, సున్నం ఇంకా నానబెట్టి మళ్లీ మళ్లీ చేసింది. చివరికి మిగిలింది తట్టుకున్నదే! ఇన్నేళ్లూ తన పనికి ఏది లోపమన్నారో అదే ఆ పూతను గట్టిపరిచింది. పిల్లలకు ఇదంతా చెప్పింది.

ఎవరు పిలిచారో, ప్రొఫెసర్ వచ్చాడు. తడిగుడ్డ అందుకుని తనే తుడిచి చూశాడు. "మీ గదిలో కరెంటు ఎప్పుడెప్పుడు పోయేది?" అన్నాడు.

"అది తెలిస్తే మేం ఎప్పుడో బాగుపడేవాళ్లం" అందావిడ. క్లాసంతా గొల్లున నవ్వింది. ప్రొఫెసర్ కూడా నవ్వి, జేబులోంచి తాళంచెవి తీశాడు.

ఆవిడ వెంటనే అందుకోలేదు. "ఒక్కసారి జరిగితే లెక్కలోకి రాదండీ. మీవీ నావీ పక్కపక్కన పెట్టి మళ్లీ చేద్దాం. నావి పగిలితే పగిలాయని రాస్తాను."

"చేద్దాం. స్విచ్చు ఎప్పుడు ఆపాలో మీరే చెప్పండి."

కొత్త పలకలు పోశారు. ఆపారు, వేశారు, మళ్లీ ఆపారు. ప్రొఫెసర్‌వి పగిలాయి. ఆవిడవి పగల్లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఏడాది చివర సభ పెట్టారు. హాలు నిండిపోయింది. "ఇళ్లు వేడి గదిలో ఉండవు. ఎండలో, చలిలో ఉంటాయి. ఆ సంగతి మా ల్యాబుకు గుర్తుచేసింది ఈవిడ" అని ప్రొఫెసర్ పలకలు చూపించాడు. ముందు వరసలో కూర్చున్న భర్త, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "నేను ఆవిడ భర్తనండీ" అని చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ కూడా మైకులో మాట్లాడాక సభ అయిపోయింది, అందరూ లేచారు. ఆవిడ రెండు చేతులూ కట్టుకుని, గోడకు దూరంగా నడుస్తూ గుమ్మం దాటబోయింది. దాటనిస్తేనా! పిల్లలు, ప్రొఫెసర్, ల్యాబు పెద్దాయన గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయారు.

"మేడమ్, లైట్లు" అన్నాడు ల్యాబు పెద్దాయన.

ఆవిడ చెయ్యి చాచి స్విచ్చు ఆపింది. చీకట్లో చప్పట్లు మోగిపోయాయి.

బయటికి రాగానే భర్త ఫోను తీశాడు. "అమ్మకు ఇప్పుడు చెప్పొచ్చు" అని కథంతా చెప్పాడు. అత్తగారు ఓపిగ్గా విని, కోడలికి ఇమ్మంది.

"అంతా బాగుంది గానీ, అది నేర్పింది ఎవరో అక్కడ చెప్పావా లేదా?"

"మైకు పట్టుకోగానే ముందు మీ గురించే చెప్పానత్తయ్యా" అంది స్విచ్చుల టీచరమ్మ.