ఆదివారం అమావాస్య

మెదక్ బస్టాండు దగ్గర బిక్షపతి సేటు టిఫిన్ సెంటర్లో తిన్నవాళ్లను అడిగి చూడండి. దోసె సంగతి తర్వాత చెబుతారు, ముందు దోసె మాస్టర్ ఎల్లేష్ మాటల సంగతి చెబుతారు. ఒక చేత్తో పెనం మీద పిండి తిప్పుతూనే కౌడిపల్లి రైతును పంటెట్లుందని అడుగుతాడు. రేగోడ్ బస్సు తప్పిపోయిన ముసలమ్మను ఓదారుస్తాడు. ఏడుపాయలకు పోయేవాళ్లకు "అమ్మవారికి నా పేరు జర యాది చేయుండ్రి" అని పని అప్పజెబుతాడు.

ఆ మాటలకే పడిపోయింది సలోమి. పడదా మరి? చర్చిలో పాటలు పాడే పిల్ల, బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించే పిల్ల. ఇంట్లో అమ్మ మార్తమ్మ తప్ప ఇంకో మనిషి లేదు. పొద్దున పనికి పోయేముందు అక్కడ దోసె తినడం అలవాటు. ఆమె కనబడగానే ఎల్లేష్ గొంతు పెంచేవాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! సలోమి మేడమ్ వచ్చింది. మేడమ్, ఇయ్యాల ఉల్లి ఎక్కువనా, కోపం ఎక్కువనా?"

గిరాకీలందరూ నవ్వేవాళ్లు. సలోమి మూతి ముడుచుకునేది గానీ మర్నాడు ఇంకాస్త ముందే వచ్చేది. అట్లా రెండేళ్లు నడిచింది. అటు శివమ్మ, అదే ఎల్లేష్ తల్లి, చర్చి పిల్ల వద్దని మొత్తుకుంది. ఇటు మార్తమ్మ, గుడికి పోయే పిల్లగాడు వద్దని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఇద్దరూ అలిసిపోయాక పెళ్లయింది. ఇంతవరకూ అందరూ చెప్పే కథే. పెళ్లయ్యాక ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. నేను అదే చెబుతున్నాను.

ఏమీ జరగలేదు. అదే జరిగింది.

ఎల్లేష్ కోడి కూయకముందే లేచి పోతాడు. మధ్యాహ్నం వస్తాడు, అప్పటికి సలోమి షాపులో ఉంటుంది. ఓ కునుకు తీసి సాయంత్రం మళ్లీ పోయి మర్నాటి పిండి రుబ్బి వస్తాడు. సలోమి షాపు మూసి ఇంటికి చేరేసరికి గోడవైపు తిరిగి నిద్రపోతుంటాడు. పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి పక్కన దుప్పటి మడతపెట్టి ఉంటుంది. ఇంట్లో వంట ఉండగా పైసలిచ్చి దోసె తినడమెందుకని ఆమె టిఫిన్ సెంటర్‌కు పోవడమూ మానేసింది. ఒక్క గది, ఒక్క మంచం, ఇద్దరు మనుషులు. ఒకరి లేవడం ఇంకొకరికి తెలియదు. లోకంలో అందరికీ దోసెలు పోసే మొగుడు ఇంట్లో పిండి వాసన పడదంటాడు. అన్నం, పచ్చిపులుసు చాలంటాడు. ఊరంతటికీ పంచి వచ్చాక ఆ నోట్లో మాట కూడా మిగలదు.

ఒకరోజు పొద్దున ఇంటి తాళంచెవి లోపలే మరిచిపోయి, ఎల్లేష్ దగ్గరున్నది అడుగుదామని సలోమి టిఫిన్ సెంటర్‌కు పోయింది. దూరం నుంచే ఆ గొంతు వినబడింది. ఎవరో కాలేజీ పిల్లను ఆటపట్టిస్తున్నాడు, చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కదా! సలోమి దుకాణం బోర్డు వెనకాలే కాసేపు నిలబడి, తాళంచెవి అడగకుండానే షాపుకు పోయింది. గుండె మండిపోయింది ఆమెకు.

"నాతోని ఎందుకు మాట్లాడవు?" అని ఆ రాత్రి లేపి మరీ అడిగింది.

"మాట్లాడుతున్న గదనే," అన్నాడు ఎల్లేష్. ఆ మాట పూర్తయ్యేలోపే రెప్పలు వాలిపోయాయి.

తిట్టడు, కొట్టడు, తాగడు. ఏమని చెప్పుకుంటుంది ఎవరితోనైనా? నా మొగుడు నిద్రపోతున్నడు సార్ అని పోలీసులకు చెప్తుందా?

సెలవు సంగతి అంటారా? సలోమికి సెలవు ఆదివారం. ఎల్లేష్‌కు ఆదివారమే గిరాకీ ఎక్కువ, మధ్యాహ్నం కూడా ఇంటికి రాడు. అతనికి సెలవు అమావాస్య నాడు. బిక్షపతి సేటు ఆ రోజు పొయ్యి మీదికి నూనె బాండలి ఎక్కనివ్వడు, ఏడుపాయల పోయి కొబ్బరికాయ కొట్టి వస్తాడు. ఎప్పుడో ఒకసారి చూసేదాన్ని మనం అమావాస్యకో పున్నానికో అంటాం. వీళ్లకు అమావాస్య వచ్చినా చాలదు, అది ఆదివారం కూడా అయితేనే మొగుడూ పెళ్లాం పగటి వెలుగులో ఒకరి మొహం ఒకరు చూసుకునేది.

మార్తమ్మకు కూతురి మొహం చూస్తే అర్థమైపోయింది. "బిడ్డా, మాట్లాడే దిక్కు లేక ఎండిపోతున్నవ్. కొన్నొద్దులు ఇంటికొచ్చెయ్. వాడే ఎనుకొస్తడు. రాకపోతే నీ బతుకేందో అప్పుడు చూద్దాం," అంది.

సలోమి క్యాలెండర్ తిప్పింది. మరుసటి నెలలో ఒక ఎర్రంకె పక్కనే నల్లటి చుక్క కనబడింది. ఆదివారం అమావాస్య!

"గా ఒక్క దినం గడవనియ్యమ్మా," అంది. "నేను చేసుకున్న ఎల్లేష్ ఇంకా ఉన్నడో లేడో గా దినం చూస్త. లేడంటే నీ దగ్గరికే వస్త."

ఎల్లేష్ కూడా సంబరపడ్డాడు, అబద్ధమెందుకు. "పోచారం పోదాం. నీళ్లకాడ కూసుందాం. కడుపునిండ ముచ్చట్లే," అన్నాడు. ఆ మాట పట్టుకుని సలోమి నెలంతా గడిపింది. చెప్పాలనుకున్నవన్నీ మనసులో పోగేసుకుంది. షాపులో ఓనరు తిట్టిన సంగతి, పాటల్లో తన గొంతు బాగుందని పాస్టరమ్మ మెచ్చుకున్న సంగతి, చివరగా అమ్మ అన్న మాట.

ఆ ఆదివారం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మొదటిసారి చర్చి మానేసింది. మాంసం వండింది. కొనిపెట్టుకున్న నీలం చీర కట్టుకుంది. ఎల్లేష్ పడుకున్నాడు. లేపబోయి చేయి వెనక్కి తీసుకుంది. నెల పొడుగునా సరైన నిద్ర లేని మనిషి, ఇంకొంచెం పడుకోనీ అనుకుంది. ఆ ఇంకొంచెం కాస్తా మధ్యాహ్నం పొద్దు వాలేదాకా సాగింది. ప్రేమా ఉండె, కోపమూ ఉండె, ఏది ముందు పెట్టాలో తెలియక మంచం పక్కనే కూర్చుంది పిచ్చిది.

లేచాక ఇద్దరూ కలిసి తిన్నారు. ఎల్లేష్ వేళ్లు నాక్కుంటూ ఆమె వైపు చూశాడు. చాలా రోజులకు చూసినట్టే చూశాడు.

"మేడమ్, కూరల ఉప్పు సక్కగుంది. కోపమే జర తక్కువైంది, ఏం సంగతి?"

సలోమికి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఉన్నాడు! పోలేదు, ఇక్కడే ఉన్నాడు! చెప్పడం మొదలుపెడదామని చేయి కడుక్కుని వచ్చింది. అప్పటికి ఎల్లేష్ కొక్కేనికి ఉన్న నూనె మరకల చొక్కా తొడుక్కుంటున్నాడు.

"గదేంది? పోచారం గీ అంగీతోని వస్తవా?"

"పోచారమా? ఇప్పుడు పోతే ఎట్లనే, పిండి రుబ్బాలె గద."

"ఇయ్యాల అమాస. దుకాణం బంద్."

"ఇయ్యాల బంద్. రేపు తెరవాలె గద! నేను జల్ది లేస్తే పోయొస్తుంటిమి. లేపకపోతివి." నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ప్రతి అమాసకు గిదే ఏళకు పోత. నీకు తెల్వదా?"

ఎట్లా తెలుస్తుంది? ప్రతి అమావాస్యకూ ఆమె షాపులో ఉండేది. పిండి రాత్రంతా పులవాలని తెలియక కాదు, దోసె పోసే ఏ ఆడదానికి తెలియదు? కానీ మనసు ఒక రోజు మీద పడితే మినప్పప్పు ఎవరికి గుర్తొస్తుంది? సెలవు దుకాణానికే గానీ పిండికి కాదన్న సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

"ఒక్క దినం రుబ్బకపోతే ఏమైతది?"

"సేటమ్మ పొద్దుగాలే పప్పు నానేసింది సలోమీ. నానిన పప్పు ఆగుతదా?" అన్నాడు. అతని మొహం చూస్తే ఇంకేం అనబుద్ధి కాలేదు. తప్పుచేసినవాడి మొహం కాదది. ఏం చేయాలో తెలియనివాడి మొహం.

"నేను గూడ వస్త," అంది.

నీలం చీరతోనే టిఫిన్ సెంటర్ వెనక గదిలో బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఎల్లేష్ స్విచ్ వేశాడు. పెద్ద గ్రైండర్, గది గోడలు అదిరే మోత. అతను వంగి పప్పు తోస్తూ, నీళ్లు చిలకరిస్తూ మధ్యలో ఆమెను చూసి నవ్వుతున్నాడు. సలోమి మాట్లాడటం మొదలుపెట్టింది. ఓనరు సంగతి చెప్పింది. పాస్టరమ్మ సంగతి చెప్పింది. బోర్డు వెనకాల నిలబడి తిరిగిపోయిన రోజు సంగతి చెప్పింది. "అమ్మ రమ్మంటున్నది. నేను పోతనేమో ఎల్లేష్. నాకు శాతనైతలేదు," అని కూడా చెప్పేసింది. ఎల్లేష్ తల ఊపాడు. ఆమె పెదాలు కదులుతుంటే చూసి ముచ్చటపడ్డాడు, అంతే.

గ్రైండర్ ఆపి, "ఏమో అంటున్నవ్?" అని అడిగాడు.

మళ్లీ చెప్పడానికి ఆమెకు శక్తి లేకపోయింది. "ఏం లేదు. పిండి మెత్తగైంది అంటున్న."

"మస్తయింది!" అన్నాడు ఆనందంగా. "రేపు పొద్దుగాల రారాదు? మొదటి దోసె నీకే పోస్త."

మర్నాడు ఆమె పోయింది. అమ్మ దగ్గరికి పోయే బట్టల సంచి చేతిలో ఉంది. ముందు రేగోడ్ నుంచి వచ్చినవాళ్లు నిలబడి ఉంటే వాళ్ల వెనకాల నిలబడింది. పెనం మీది నుంచి తలెత్తిన ఎల్లేష్ మొహం వెలిగిపోయింది. అదే గొంతు, అదే నవ్వు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! సలోమి మేడమ్ వచ్చింది! మేడమ్, ఉల్లి ఎక్కువనా, కోపం ఎక్కువనా?"

అందరూ నవ్వారు. సలోమి కూడా నవ్వింది, ఆపుకోలేకపోయింది. ప్లేటు అందుకుంది. చేతిలో సంచి సంగతి చెబుదామని నోరు తెరిచింది.

"జర జల్ది జరుగమ్మా, బస్సు పోతది," అన్నారెవరో వెనక నుంచి. ఎల్లేష్ కళ్లు అప్పటికే వాళ్ల మీదికి మళ్లాయి. సలోమి ప్లేటు పట్టుకుని పక్కకు జరిగింది.