కొంగుకు కట్టిన కథ

దయ్యాల్ని నమ్మకపోవడంలో కరీంనగర్ జిల్లాలో ఎవరైనా నా తర్వాతే. ఒకప్పుడు మా వీధిలో ఒక ఇంట్లో దయ్యం ఉందని జనం ఆ ఇంటి నీడ కూడా తొక్కేవారు కాదు. అద్దె సగమే అన్నారని నేను పోయి నాలుగేళ్లు ఉన్నాను. దయ్యం ఒక్కసారీ రాలేదు. ఇంటి ఓనరు మాత్రం నెలనెలా ఒకటో తారీఖున కోడి కూయకముందే ప్రత్యక్షమయ్యేవాడు.

అటువంటివాణ్ని చెబుతున్నాను కాబట్టి ఇది నమ్మవచ్చు. అక్కడక్కడా కాస్త పెంచి ఉంటాను, అది నా అలవాటు. అసలు ముక్కను మాత్రం పెంచలేదు. పెంచే అవసరం రాలేదు.

నాకు కరీంనగర్‌లో బట్టల దుకాణం ఉంది. దానితో పాటు ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో నవ్వుల కాలమ్ రాస్తాను. బట్టను కొలిచి చింపి ఇవ్వవచ్చు, ఆలోచన అట్లా దొరకదు. కాగితం ముందేసుకుని కూర్చుంటే ఇటు తిరిగి కూడా చూడదు. రెండు చేతులూ ఖాళీ లేని సమయం చూసి వస్తుంది. తలకు సబ్బు రుద్దుకుంటుంటే వస్తుంది, పప్పన్నం కలుపుతుంటే వస్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పోతుంది. అందుకే నా చెవి మీద ఎప్పుడూ ఒక పెన్ను ఉంటుంది. ఒకసారి స్నానాల గదిలో పెన్ను లేక గోడ మీద సబ్బుతో రాశాను. అంత గొప్ప వాక్యం తెలుగులో అంతకు ముందు ఎవరూ రాసి ఉండరు. మా ఇంటామె బకెటెడు నీళ్లు కొట్టి కడిగేసి, "గోడకేందో పాకురు వట్టింది" అన్నది.

ఇంతలో నా కాలమ్ ప్రాణం మీదికి వచ్చింది. వరసగా కొన్ని వారాలు ఎవరూ నవ్వలేదు. ఎడిటర్ ఫోన్ చేశాడు.

"అన్నా, రాస్తున్నప్పుడు నువ్వు నవ్వుకుంటున్నవేమో గని, చదివేటోళ్లు నవ్వుతలేరు. గీసారి గూడ గిట్లనే ఉంటే ఆ జాగల వారఫలాలు ఏస్త."

పదిహేనేళ్లు నేను కూర్చున్న చోట మేషరాశి వచ్చి కూర్చుంటుందంటే ఎవరికి నిద్ర పడుతుంది?

ఆ వారమే ఉట్నూర్‌లో ఒక హాస్టల్‌కు యూనిఫాం బట్ట నమూనాలు చూపించే పని పడింది. జన్నారం దాకా బస్సు, అక్కడి నుంచి అడవి దారిలో జీపు. పది మంది పట్టే జీపులో ఆ పొద్దు సగం మండలం ఎక్కింది. నాకు దొరికింది వెనక కడ్డీ మీద ఒక కాలు పెట్టేంత చోటు. రెండో కాలు గాలిలోనే ఉట్నూర్ చేరింది.

నిలబడ్డవాళ్లు సామాను కూర్చున్నవాళ్ల ఒడిలో పెట్టడం మన దగ్గర మామూలే కదా. అంచున కూర్చున్న ఒక ముసలమ్మ ఒడి అప్పటికే గోదాములా ఉంది. మూడు సంచులు, ఎవరిదో చంటిపిల్ల, ఒక కోడి. నా నమూనాల సంచిని కూడా అడక్కుండానే లాక్కుని పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆలోచన. చచ్చిపోయిన ఒకాయన తన పదకొండో రోజు భోజనాలకు తానే వస్తాడు. కూరలో ఉప్పు తక్కువైందని బంతి బంతికీ తిరిగి మొత్తుకుంటాడు. ఎవరికీ వినబడదు. ముగింపు కూడా ఆ వెంటనే తట్టింది. అదేమిటో కాసేపాగి చెబుతాను.

రెండు చేతులూ కడ్డీకే. పెన్ను మూత గాలికి ఎగిరిపోయింది. ఆలోచన కూడా అదే దారి పట్టేలా ఉంది. నాకు ముసలమ్మ ఒడి కనబడింది.

"అవ్వా, సంచి తోటి ఒక మాట గూడ ఉన్నది, జర పట్టుకుంటవా?"

"బరువుంటదా?"

"ఉండది. గాలికి కొట్టుకపోతదనే పరేషాన్."

"అయితే చెప్పు, కొంగుకు కడత."

జీపు మోత మీద గొంతు చించుకుని చచ్చినాయనను, ఉప్పును, బంతులను అప్పజెప్పాను. ముగింపు మాత్రం చెప్పలేదు. జీపు నిండా జనం. ముగింపులు ఊరికే పంచిపెట్టే రచయిత బాగుపడడని నా నమ్మకం. ఆమె నవ్వలేదు. కొంగు చివర ఒక ముడి వేసి "ఊ" అంది.

నడుమ ఒక ఊరి దగ్గర ఆమె దిగింది. ఎవరి సంచి వాళ్లకు, పిల్లను తల్లికి, కోడిని కోడివాళ్లకు ఇచ్చింది. నా సంచి నా మెడకు తగిలించింది. జీపు కదిలాక గుర్తొచ్చింది, మాట తిరిగి తీసుకోలేదని. పోనీలే, నాకు తెలిసిందే కదా అనుకున్నాను. తీరా చూద్దును గదా, లేదు. ఉప్పు లేదు, చచ్చినాయన లేడు, ముగింపు అసలే లేదు. అద్దెకున్నవాళ్లు మేకులతో సహా పీక్కుపోయిన ఇల్లులా ఉంది తల.

తిరుగు ప్రయాణంలో ఆ ఊళ్లో దిగి వాకబు చేశాను. అటువంటి ముసలమ్మ తమకు తెలియదన్నారు. ఒకాయన మాత్రం చాలా శ్రద్ధగా, "కోడి ఏం రంగుండె?" అని అడిగాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఇంటామె, "గొడుగు మర్శిపోయిండ్రు, చెప్పులు మర్శిపోయిండ్రు. గిప్పుడు కథను గూడ జీపుల ఇడ్శిపెట్టి వచ్చిండ్రా?" అన్నది.

వ్యాసం పంపాల్సిన రోజు వచ్చేసింది. కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు. ఆ పొద్దున దుకాణం పని మీద హుజూరాబాద్ పోయాను. మార్కెట్‌లో ఎండుమిర్చి అమ్మే ఒకామె నన్ను పిలిచింది. జన్మలో ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు కరీంనగర్ బట్టల సేటువేనా?"

"అవును. ఎట్ల ఎర్క?"

"చెవి మీద మూత లేని పెన్నుంటదన్నరు. నీ మాట ఒకటి నా తాన ఉన్నది. ఆగు."

కొంగు ముడి విప్పింది. ముడిలో చిల్లర కూడా లేదు. చచ్చినాయన, ఉప్పు, బంతులు, అన్నీ వరసగా అప్పజెప్పింది. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. మిర్చి ఘాటు అనుకున్నాను.

"నీకెవలిచ్చిన్రమ్మా?"

"జగిత్యాల బస్సుల ఒకామె ఇచ్చింది. ఆమెకింకెవలో ఇచ్చిన్రట. ఇగ నీది నువ్వు తీస్కపో, ముడి ఇప్పక నా పాణం పోతున్నది."

సరే, సంచులు చేతులు మారినట్టే మాట కూడా మారి వచ్చిందనుకోవచ్చు. కానీ ఆమె ఆగలేదు.

"ఎవలకు ఇనవడది గద. పెండ్లానికి ఒక్కదానికే ఇనవడతది. నలభై ఏండ్లల్ల ఆయన మాట ఒక్కటి చెవిన వెట్టనామె, లేశి లోపలికి పోయి ఉప్పు తెస్తది."

అది నా ముగింపు. జీపులో నేను పెదవి కూడా కదపని ముగింపు.

"తెచ్చి, ఖాళీ ఇస్తరిల ఏశి, 'సరిపోయిందా?' అంటది. గంతే. చూస్కో, అంత ఉన్నదా?"

"అమ్మా, ఒక మాట ఎక్కువున్నది. ఆ ఆఖరుది నాది కాదు."

"నాకేం ఎర్క. ఇచ్చిన్రు, ఇచ్చిన. మిర్చి కావాల్నా?"

ఐదు కిలోలు కొన్నాను. ఇంకా అయిపోలేదు. సాక్ష్యం కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

వ్యాసం అచ్చయింది. మేషరాశి తన చోట తాను ఉండిపోయింది. ఎడిటర్ ఫోన్ చేసి, "నవ్వుకుంటనే ఉన్ననే, ఆ ఆఖరి మాట కాడ నవ్వు ఆగింది" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్లందరూ, అంటే సుమారు తెలంగాణ మొత్తం, ఆ ఒక్క మాట గురించే మాట్లాడారు.

మా తమ్ముడికి ఇందులో వింతేమీ కనబడలేదు. నడుమ ఎవరో ముగింపును ఊహించి అతికించి ఉంటారంటాడు. దారిన పోయేవాళ్లు ఊహించగలిగేదే అయితే నా ముగింపు అంత గొప్పది కాదని అర్థం. దానికి నేను ఒప్పుకోను.

ఆ ఆఖరి మాటను ఎన్నిసార్లు తిప్పి చూసినా నాది కాదు. ఎక్కడో ఏదో బస్సులో, రెండు చేతులా కడ్డీ పట్టుకున్న ఎవరో దాన్ని ఒకరి ఒడిలో పెట్టి ఉంటారు. ఇప్పటికీ నుదురు కొట్టుకుంటూ వెతుక్కుంటుంటారు. వాళ్లు ఫికర్ పడవద్దు. భద్రంగా ఉంది. ఒక్కసారి వాడుకున్నాను, అంతే. వచ్చి తీసుకోవచ్చు. పెన్నుకు నేనింకా మూత కొనలేదు.