అడుగు గిన్నె

నాకు కుక్కలంటే గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఇదంతా చదివి నన్ను జాలిగుండె మనిషి అనుకుంటారు. మా ఎర్రుపాలెం వైపు మా పుట్టింట్లో గేదెలుండేవి, కోళ్లుండేవి. కుక్క ఉండేది వీధిలో. పెళ్లయి పాల్వంచలో కంపెనీ క్వార్టర్‌కు వచ్చిన పదహారేళ్లకు, తొంభైల మొదట్లో, మా ఆయన ఒక సాయంత్రం చంకలో తెల్ల బొచ్చు కుక్కను పెట్టుకుని గుమ్మం ఎక్కాడు. రెండో చేతిలో ఒక సంచి.

ఆయన ఆఫీసు జీపు డ్రైవరు. ఆయన జీపులో తిరిగే ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ ఆ కుక్కను ఈయన చేతిలో పెట్టాడట. మాకు పిల్లలు లేరు. ఇంట్లో చోటుంది కదా అని ఆయన ధీమా. సంచి విప్పి చూస్తే ఎండు గోలీలు. మేక పెంటికల్లా ఉన్నాయని నేనంటే పడీ పడీ నవ్వాడు. హైదరాబాద్ నుంచి తెప్పించే కుక్కల తిండట. పశువుల డాక్టరు కూడా అదే పెట్టమన్నాడు, కడుపునిండా అన్నం పెడితే దీనికి ఒళ్లంతా పుండ్లు లేస్తాయన్నాడు. అన్నం పడని కుక్క ఏం కుక్క అని నేను రెండు రోజులు సణిగాను.

ఆ రెండు రోజులూ కుక్క గోలీలు ముట్టలేదు. పళ్లెంలో పోస్తే వాసన చూసి, కాలితో ఒకటి దొర్లించి, తల తిప్పుకునేది.

"దాని తిండి సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు ఆయన.

ఇక అప్పటినుంచీ రోజూ ఒకటే తంతు. అయిదు గంటలకు కంపెనీ సైరన్ మోగేది. కాసేపటికి సైకిల్ గేటులోకి వచ్చేది. ఆయన ఇంట్లోకి రాకుండా నేరుగా పెరటి కొళాయి దగ్గరికి పోయేవాడు, చేతిలో అన్నం క్యారియర్. నేను గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు ఇవ్వాలి, అంతవరకే నా పని. కాళ్లు కడుక్కోవడమూ, సబ్బు రుద్దుకోవడమూ అయ్యేసరికి కుక్క మూతి నాక్కుంటూ ఇంటి ముందుకు వచ్చేది. ఏం మంత్రం వేశావయ్యా అంటే చెప్పేవాడు కాదు. పైగా క్యారియర్ తనే తోమి, తళతళలాడుతున్న గిన్నెలు నా చేతికిచ్చేవాడు. కాలనీ మొత్తంలో తన క్యారియర్ తను తోముకునే మగవాడు మా ఇంట్లోనే ఉన్నాడని నేను అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

అయిదు నెలలు అలా మురిశాక, ఒక సాయంత్రం ఉప్పు చేప ఎండకు పెట్టింది తీద్దామని పెరట్లోకి వెళ్లాను. క్యారియర్ అడుగు గిన్నెలో గోలీలు నానబోసి ఆయన వేళ్లతో కలుపుతున్నాడు. కుక్క ఆ గిన్నెలోనే మూతి పెట్టి తింటోంది.

నాకు ఒళ్లు భగ్గుమంది. అయిదు నెలలుగా నేను మొగుడికి కుక్క ఎంగిలి గిన్నెలో అన్నం కడుతున్నానన్నమాట! మా పుట్టింట్లో ఒకరి గ్లాసు ఒకరు కరిచి తాగరు. ఆ సాయంత్రం నేను అనని మాట లేదు. ఆయన తల వంచుకుని, తప్పు చేసిన మొహం పెట్టి, లోపల్లోపల నవ్వుతూనే ఉన్నాడు. అది చూసి నాకు ఇంకా ఎక్కువైంది.

తెల్లారి నేను క్యారియర్ కట్టలేదు. వంట చేయలేదు కూడా. పొద్దున్నే ఆయన బట్టలు వేసుకుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ గిన్నెలో నేను అన్నం పెట్టను" అన్నాను.

"క్యాంటీన్ల తింట తియ్" అని సైకిల్ ఎక్కాడు. రోజూ గేటు దాకా వెళ్లేదాన్ని, ఆ పూట వెళ్లలేదు.

మధ్యాహ్నం రెండింటప్పుడు షెడ్డులో జీపు బానెట్ ఎత్తి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఒరిగిపోయాడట. దవాఖానాకు చేరేసరికే అయిపోయింది. గుండె అన్నారు. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు పట్టుకున్నారు, ఎవరు ఎత్తుకున్నారు, అన్నీ చెప్పారు నాకు. ఆయన తిన్నాడా లేదా అన్నది ఎవరూ చెప్పలేదు. నేను అడగలేకపోయాను. 

దినాలు అయ్యేదాకా క్యారియర్ కిటికీలోనే ఉంది. కుక్క దాని కిందే పడుకుంది. చుట్టాలు ఎవరో పళ్లెంలో వేసిన గోలీలు నాలుగు కొరికేది, వదిలేసేది. పదకొండో రోజున ఆయన బట్టలు, చెప్పులు, దుప్పటి మా బట్టలుతికే పెద్దమ్మకు ఇచ్చాం. అది మా ఆనవాయితీ, పోయినవాళ్ల వస్తువులు ఆమెకు ఇస్తే పోయినవాళ్లకు అందుతాయంటారు. నేను లేచి వెళ్లి క్యారియర్ కూడా తెచ్చి ఆ మూట మీద పెట్టాను. పుణ్యానికి కాదు. దాన్ని చూడలేక పెట్టాను.

ఆ రోజు నుంచి కుక్క ఒక్క గోలీ ముట్టలేదు.

చుట్టాలంతా వెళ్లిపోయారు. ఇంట్లో నేనూ అదీ. నేను జావ కాచుకుని తాగేదాన్ని, అది నీళ్లు తాగేది. గోలీలు వేడి నీళ్లలో వేశాను. మరిగే నీళ్లు పోశానేమో, ముద్దగా అయి జిగురు వాసన కొట్టింది. మజ్జిగ పోశాను. కోడిగుడ్డు ఉడకబెట్టి చిదిమి కలిపాను. ఎముకల పులుసు కాచి పోశాను, అందులో ఉల్లిగడ్డ వేశానని తెలిసి డాక్టరు కేకలేశాడు, అది కుక్కకు విషమట. అదృష్టం, అది మూతి కూడా పెట్టలేదు. పొద్దున పోసింది సాయంత్రం దాకా ఉంచొద్దు, పావుగంట చూసి తీసెయ్, మళ్లీ తాజాగా పెట్టు అన్నాడు డాక్టరు. తీశాను, పెట్టాను, తీశాను, పెట్టాను. డొక్కలు లెక్కపెట్టేట్టు తేలాయి. ఇంకో వారం ఇట్లాగే ఉంటే కష్టం అన్నాడు.

వీటన్నిటికంటే నన్ను తినేసింది అయిదు గంటల సైరన్. అది మోగి కాసేపు కాగానే కుక్క లేచి గేటు దగ్గరికి పోయేది. తోక ఊపేది. తర్వాత దాని తల మెల్లగా తిరిగేది, గేటు నుంచి గోడ వారగా, పెరటి కొళాయి దాకా. సైకిల్ నడిపించుకుంటూ మనిషి పోతుంటే చూసినట్టే. తనూ వెనకే పోయి, కొళాయి ముందు కూర్చుని, మనిషి మొహం ఉండేంత ఎత్తుకు చూసేది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

పక్క క్వార్టర్ ఆవిడ ఒకరోజు అది చూసింది. "మీ ఆయన రోజు వస్తుండు. దానికి కనవడుతుండు" అంది.

"పదహారేళ్లు కాపురం చేసింది నేనా, అదా? వస్తే నాకు కనబడడా?" అని కసిరాను.

కసిరానే గానీ, ఆ తర్వాత అయిదు దాటాక పెరట్లోకి వెళ్లలేకపోయాను. భయం వేసేది. ఆయనంటే కాదు. ఆయన ఆకలితో వస్తున్నాడేమోనని. ఆ కుక్క పస్తుంటే నాకు ఆయనే పస్తు ఉన్నట్టుండేది. అది చచ్చిపోతే నా చేతుల్లో రెండోసారి అదే జరిగినట్టు. కుక్కంటే గిట్టని దాన్ని, ఆ కుక్క ముందే కూర్చుని, తినవే తల్లీ, అని బతిమాలుకున్నాను.

చివరికి క్యారియర్ వెతుక్కుంటూ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఇచ్చింది మళ్లీ అడగడం ఎంత తప్పో తెలిసే వెళ్లాను. ఆమె నా మాట అంతా వింది.

"ఇచ్చింది ఎన్కకు తీస్కుంటే ఆయనకు అందదంటరు బిడ్డా" అంది. మళ్లీ తనే లేచి, క్యారియర్ విప్పి అడుగు గిన్నె తీసి నా ఒళ్లో పెట్టింది. "పై రెండు నా దగ్గరనే ఉంటయి. ఇచ్చినట్టే లెక్క. ఇది తీస్కపో. ఆకలి కంటే పెద్ద తప్పు ఉంటదా."

ఇంటికొచ్చి ఆ గిన్నెలో గోలీలు పోసి, గోరువెచ్చని నీళ్లు పోసి పెట్టాను. కుక్క పరుగెత్తుకొచ్చింది. గిన్నె చుట్టూ తిరిగింది, అంచు నాకింది, లోపల వాసన చూసింది. మళ్లీ వెనక్కి పోయి పడుకుంది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఆ మర్నాడే ఆయనతో పాటు షెడ్డులో పనిచేసే ఇంకో డ్రైవరు వచ్చాడు. నన్ను వదినె అంటాడు. హైదరాబాద్ డ్యూటీకి పోయినప్పుడు గోలీల సంచి తెమ్మని మా ఆయన ముందే చెప్పి ఉంచాడట, అది తెచ్చాడు. తినే నోరు లేదు తమ్ముడూ, అని గిన్నె చూపించాను.

"ఉత్త గోలీలు ఎట్ల తింటది వదినె? అన్న ఆఖరి ముద్ద తినకపోయేది. మీ కందిపప్పు అన్నం ఒక ముద్ద అడుగు గిన్నెల ఉంచి మూత పెట్టేటోడు. గోలీలు అండ్ల కలిపేటోడు. నా పెండ్లాం ఏంచి వండిన పప్పు వాసన తగుల్తెనే తింటది, నా లెక్కనే దానికి గూడ నోరు ఎక్కువ అనేటోడు."

కందిపప్పు ఎర్రగా వేయించి, మెత్తగా వండి, పైన కాస్త నెయ్యి. ఆయనకు రోజూ అదే ఉండాలి. ఆయన పోయాక నేను దాన్ని వండలేదు. ఆ డబ్బా మూత కూడా తీయలేదు.

అప్పుడు అడిగాను. ఎట్లా అడిగానో తెలియదు. "ఆ రోజు క్యాంటీన్లో తిన్నాడా?"

అతను తెచ్చిన సంచి గోడ వారగా సర్ది పెట్టాడు. నేను మళ్లీ అడిగాను.

"లేదు వదినె. రమ్మంటే రాలె. ఇంటికి పొయ్యి తింట, అయిదయ్యేసరికి ఆమె కోపం దిగుతది, కుక్క గూడ నాకోసం చూస్తుంటది అన్నడు."

అతను వెళ్లిపోయాడు. నేను లేచి కందిపప్పు డబ్బా మూత తీశాను. పప్పు వేయించాను. వాసన ఇల్లంతా నిండింది, కుక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అన్నం వండాను. ఆ అడుగు గిన్నెలోనే వేడన్నం, పప్పు, నెయ్యి వేసుకుని తిన్నాను, కుక్క మూతి పెట్టిన గిన్నెలో, నా చేత్తో. ఆఖరి ముద్ద ఉంచాను. పైన గోలీలు, గోరువెచ్చని నీళ్లు పోసి పళ్లెం మూతపెట్టి, పెరటి కొళాయి దగ్గరికి తీసుకెళ్లాను.

సైరన్ మోగింది. కాసేపటికి కుక్క లేచింది. గేటు వైపు చూసి తోక ఊపింది. దాని తల మెల్లగా తిరిగింది, గోడ వారగా, నా దాకా. నేను లోపలికి పారిపోలేదు. పళ్లెం తీసి వేళ్లతో కలిపాను, గోలీలు మెత్తబడ్డాయి, కానీ విరగలేదు. కుక్క వచ్చి మూతి పెట్టింది. గిన్నె అడుగు కనబడేదాకా తింది.

ఆ తర్వాత అది నాలుగేళ్లు బతికింది. నాలుగేళ్లూ అదే వేళకు, అదే గిన్నెలో, నా ఆఖరి ముద్ద కలిపి పెట్టాను. ఆ మొదటి రోజు మాత్రం అది తింటుంటే తలెత్తి, అది ఎప్పుడూ చూసేంత ఎత్తుకు చూస్తూ, "కోపం దిగింది, వచ్చి తిను" అన్నాను. గిన్నె అప్పటికే ఖాళీ అయింది.