వాన కోసం కూర్చున్న తల్లి

పొద్దున్నే పొయ్యి మీద కాఫీ పెట్టకముందే డెల్ఫియా చర్చి వెనక పల్లంలోకి దిగేది. గడ్డి మీది మంచుకు రెండరచేతులూ ఆనించి, "ప్రభువా, ఈ చేతులు ఇవాళ ఎవరికీ గరుకు కాకుండా చూడు" అనుకుని, అప్పుడు పుచ్చిన దుంగను మెల్లగా ఎత్తేది. పొడిచేత్తో తాకితే దుంగ కింద ఉండే ప్రాణి ఒళ్లు కమిలిపోతుందని తన తల్లి చెప్పిన మాట.

ఆకులు రాలే ఆ రోజుల్లో దుంగ కింద ఒక ఊటబల్లి ఉంది. చదువుకున్నవాళ్లు సాలమాండర్ అంటారు, కెంటకీ కొండవాళ్లకు అది ఊటబల్లే. వేలంత పొడవు, బొద్దు ఒళ్లు, కాటుక నలుపు, వీపు మీద బూడిదరంగు అడ్డపట్టీలు. గుడ్ల చుట్టూ ఒళ్లంతా చుట్టుకుని పడుకుంది. పల్లంలో చుక్క నీరు లేదు. వాన పడి నీళ్లు నిండితేనే పిల్లలు బయటికొచ్చేది. చూస్తూ చూస్తూ ఉంటే డెల్ఫియాకు తానే ఆకుల కింద ఒత్తిగిలి, ఎక్కడో కొండల అవతల వాన నడిచివస్తున్న చప్పుడు వింటున్నట్టుండేది.

ఒకనాడు ఆడబిడ్డ కొడుకు హోబర్ట్ ట్రాక్టరు నిండా మట్టి తెచ్చాడు.

"జరుగత్తా. ఈ గుంట పూడ్చేస్తే ఆదివారం విందుకి ఇక్కడే బల్లలు వేసుకోవచ్చు. పోయినేడు ఆ ఏటవాలులో నీ చిక్కుడుగింజల గిన్నె జారి పాస్టరుగారి ఒళ్లో పడలా?"

"పడితేనేం, వేళ్లు నాక్కుంటూనే దీవించాడాయన. ముందు బండి ఆపి ఇది చూడు."

హోబర్ట్ వంగి చూశాడు. "బల్లేగా! ఇంజను చప్పుడుకే పారిపోతుంది."

"కళ్లా, బొత్తాలా అవి? బల్లికి పొలుసులుంటాయి, గోళ్లుంటాయి. దీని వేళ్లు చూడు, గోరన్నది లేదు. పక్కల మీద ఆ గాట్లు చూడు. ఇది పారిపోయే రకం కాదురా. గుడ్లని కాస్తోంది."

"ఎండిన గుంటలో గుడ్లా? దీనికి మతిలేదు."

"ప్రతి ఆదివారం వాన కోసం మోకాళ్లూనుతున్నాం. మనకుందా మతి?"

హోబర్ట్ నవ్వి ఇంజను ఆపేశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "మరి బల్లలో? ఈ కొండ మీద చదునైన చోటు ఇంకెక్కడుందత్తా?"

డెల్ఫియా సమాధుల వైపు చూసింది. భర్త ఆర్లిస్ సమాధి పక్కన, ఆయన బతికుండగా ఆమె కోసమని తన చేత్తో చదును చేసి ఉంచిన గడ్డినేల, ఎండలో మెరుస్తోంది.

"ఒక్క ఉపకారం చెయ్యి నాయనా. వాన పడేదాకా ఈ తల్లినిక్కడ కూర్చోనీ. బల్లలు మీ మామ పక్కన, నా చోట్లో వేయించు. నాకిప్పుడే తొందరేం లేదు."